ఆరిన లాంతరు

మా నాయన గౌస్ ఆళ్లగడ్డలో బావులు పూడిక తీసేవాడు. దిగేముందు తాడుకు లాంతరు కట్టి అడుగుదాకా దించేవాడు. దీపం ఆరిందంటే లోపల గాలి చెడ్డదని లెక్క. అప్పుడు కానుగ కొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి ఆ గాలిని కదిలించాలి. దీపం నిలిచేదాకా ఎవరూ దిగరు.

సుబ్బరాయుడి తోట బావిలో లాంతరు ఆరింది. చీనీ చెట్లు, అదే బత్తాయి, ఎండుతున్నాయని ఆయనకు తొందర. గాలికి ఆరిందిలే, దిగు అన్నాడు. అడుగు చేరాక నాయన పకపకా నవ్వాడట, పాట ఎత్తుకున్నాడట, ఆ తర్వాత చప్పుడు లేదు. శవం పైకి రాకముందే, తాగి దిగినాడని సుబ్బరాయుడు అందరికీ చెప్పేశాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషిని పట్టుకొని ఆ మాట. పద్నాలుగేళ్లు మా అమ్మ గుల్జార్‌బీ తాగుబోతు పెండ్లాంగా బతికింది.

నంద్యాలలో నర్సునయ్యాక గానీ నాకు ఆ నవ్వు అర్థం కాలేదు. ఊపిరితో బయటికి పోవాల్సిన గాలి ఒంట్లో పేరుకుంటే మెదడు ఉక్కిరిబిక్కిరై కేక పెడుతుంది. ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే మాత్రం దానికి అంత తొందరగా తెలియదు. తెలిసేలోపు దానికే మత్తెక్కుతుంది. మనిషి నవ్వుతాడు, పాడతాడు, నాకేమీ కాలేదంటాడు.

మొన్న సుబ్బరాయుణ్ణి మా ఆసుపత్రికే తెచ్చారు. నిమ్ము చేసింది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే అరవై రెండు చూపించింది. తొంభై అయిదు ఉండాలి. ఆయనేమో ఆయాసమే లేదని నవ్వుతాడు, పంచె ఊడదీస్తాడు, భజన అందుకుంటాడు. ఊళ్లో దేవళం పెద్ద. చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. కొడుకు భరణి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, మా నాయన తాగినాడా?"

నా చేతిలో మాస్కు ఉంది. నాలుగు నిమిషాలు ఆలస్యం చేస్తే అడిగేవాడు లేడు. చేయాలనిపించింది, అబద్ధమెందుకు. అయినా పెట్టేశాను. జాలిపడి కాదు. చచ్చినవాడు తానన్న మాట వెనక్కి తీసుకోలేడు. భరణికి మాత్రం జవాబు చెప్పలేదు.

నాలుగో రోజుకు పెద్దాయన తేరుకున్నాడు. అప్పటికే ఆళ్లగడ్డంతా పాకిపోయింది, తాగి ఆసుపత్రిలో పంచె ఊడదీశాడని. అది రోగం పని అని డాక్టరు చెప్పినా, డాక్టరు వాళ్ల మనిషేలే అన్నారట. నేనెవరో తెలియక ఆయన నన్నే బతిమాలాడు, నువ్వన్నా చెప్పమ్మా అని.

"నేను గౌస్ కూతుర్ని. నీ మీద పగ ఉండే నేను చెప్తే ఊరు నమ్ముతాది. చెప్తా. ముందు నువ్వు చెప్పు."

ఆయన క్లిప్పు పెట్టిన తన వేలిని చూసుకున్నాడు. తర్వాత తలూపాడు.

ఇంటికి పోయిన వారానికి, శుక్రవారం నమాజు అయ్యాక, మసీదు ముందు నిలబడ్డాడు. నేనూ అమ్మా ఎదురు అరుగు మీద కూర్చున్నాం.

"గౌస్ తాగలేదు. దీపం ఆరిపోయినా దిగమన్నది నేనే."

గొంతు లేవలేదు. పోనీలే, ఒప్పుకున్నాడు కదా అని జనం కదలబోయారు. మా అమ్మ కదల్లేదు.

"ఎనకుండేవాళ్లకు ఇనపడలే. ఇంగోసారి చెప్పప్పా."

చెప్పాడు. అమ్మ మళ్లీ చెప్పమంది. మూడోసారికి ఆయాసం ఎక్కి గోడ పట్టుకున్నాడు. నర్సునే అయినా నేను కూర్చున్నచోటి నుంచి లేవలేదు.