ఎల్కానా చెప్పిన ఉదాహరణ

చేప పొట్ట చీల్చగానే గుడ్ల సంచి జారి సింకులో పడింది. తిర్సా మొహం పక్కకి తిప్పుకుంది. పోయిన వారమే ఆమెకు గర్భం పోయింది. రక్తం ఇంకా పూర్తిగా ఆగలేదు. అయినా యూదుల కొత్త నెల మొదటి రోజు కాబట్టి భర్త ఎల్కానా దగ్గర కబాలా అనే యూదు మార్మిక విద్య చదువుకునే శిష్యులంతా మధ్యాహ్నం భోజనానికి వస్తారు. ఇజ్రాయెల్‌లోని సఫెద్ కొండమీది ఆ ఇంట్లో వండే చేతులు ఆమెవే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే అత్త అంది: "ఏడిస్తే సృష్టికర్త మీద నేరాలు చెప్పినట్టే అమ్మాయ్, ఊరుకో."

ఈ పొద్దున, "నడుం లాగేస్తోందండీ, ఈసారికి బయటినుంచి తెప్పించండి" అంటే ఎల్కానా మెత్తగా నవ్వాడు. "నాకు, నాకు అనుకోవడమే మనకీ సృష్టికర్తకీ అడ్డుగోడ తిర్సా. తీసుకోవాలనే కోరికని ఇవ్వాలనే కోరికగా మార్చుకో." అలా చెప్పి, తాగేసిన కాఫీ గ్లాసు ఆమె చేతికిచ్చి వెళ్లాడు. అతను ఆమెకిచ్చేది ఎప్పుడూ ఖాళీ గ్లాసే.

మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. శిష్యులు వేళ్లు నాకుతున్నారు. ఆమె ఇస్త్రీ చేసి పరిచిన గుడ్డమీదే ముళ్లు ఉమ్ముతున్నారు. గడ్డాల్లో మెతుకులు.

"నిస్వార్థ భక్తి ఈ కాలంలో ఎవరికైనా సాధ్యమేనా గురువుగారూ?" అనడిగాడు ఒక శిష్యుడు.

ఎల్కానా వంటింటివైపు చెయ్యి చూపించాడు. "మా ఇంట్లోనే ఉందయ్యా. బిడ్డ పోయి వారమైనా తిరక్కుండానే, కంటతడి పెట్టకుండా మీకు వండిపెట్టింది. ఏమీ కోరకుండా దేవుడికి ఇచ్చుకోవడమంటే అదీ!"

"ఆహా!" అన్నాడొకడు నోటినిండా చేపతో.

తిర్సా స్నానాలగదిలో నోరు నొక్కుకుని దాచుకున్న ఏడుపు అది. దానికే భక్తి అని పేరుపెట్టి ఎల్కానా ముళ్ల మధ్య పరిచి అందరికీ వడ్డించాడు. తిర్సాకి వాళ్లందరిమీదా రోత పుట్టింది. ఆ మెచ్చుకోలుకి ఒక్క క్షణం తన ఒళ్లు పొంగినందుకు తనమీద అంతకన్నా రోత పుట్టింది.

"అబద్ధం," అంటూ ముందుకొచ్చింది. "దేవుడి కోసం కాదు, మీరు మొహం మాడ్చుకుంటారన్న భయంతో వండాను. ఏడ్చాను కూడా, కుళాయి తిప్పుకుని."

"తిర్సా! లోపలికెళ్లు."

ఆమె మగవాళ్ల బల్ల దగ్గరికే కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆకలేస్తోంది. ఇవ్వడం గురించే కదా మీరంతా చదువుతున్నారు? ఎవరైనా నాకింత వడ్డించండి."

శిష్యులు గురువు వైపు చూశారు. ఆ ఇంట్లో కంచాలు ఎక్కడుంటాయో ఎల్కానాకి తెలియదు.