పడిన చేను, పడని ఫొటో

"కాస్త గడ్డం పైకెత్తండి," అని ఆమె నాలుగోసారి చెప్పింది.

ముసలి రైతు గడ్డం పైకెత్తాడు. ఆయన వెనక, గాలివానకు నేలకంటిన మొక్కజొన్న చేను రెండు నెలలుగా అలాగే కుళ్లుతోంది. ఆమె చేతిలో ఫోన్ కాసేపు ఆలోచించి, ఎర్ర అక్షరాల్లో తేల్చింది: ముఖం సరిపోలలేదు.

"ఏమంటోందమ్మా?"

"మీరు మీరు కాదంటోంది."

"మరి నేనెవరో కూడా అదే చెబితే బాగుండు. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పుకోవాలిగా."

ఆమెకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి ఇది ఆరో చేను. చెప్పులకు అంటిన బంకమట్టి చెప్పుల కంటే బరువెక్కింది. ఆధార్ కార్డు మీది ఫొటోలో ఆయనకు గుబురు మీసం, నిండు బుగ్గలు. ఇప్పుడు మీసం లేదు, పళ్లు లేవు, బుగ్గలు లోపలికి పోయాయి. మనిషన్నాక ముసలివాడవుతాడని ఆ ఫోన్‌కు ఎవరు చెప్పాలి?

పంట నష్టం రాసే పనిలో ఆమెకిది పదహారో ఏడు. ఊళ్లలో ఆమెకు 'నష్టాలమ్మ' అని పేరు పడింది. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత పిలిస్తే పలకడం మొదలుపెట్టింది. ఉద్యోగం పర్మినెంటు చేస్తామంటూనే ఉన్నారు, ఈలోగా మోకాళ్లు అరిగాయి. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా, ఎవరో వచ్చి చూస్తారని, పడిపోయిన పైరును దున్నకుండా ఏడాదంతా ఉంచింది. ఎవరూ రాలేదు. అందుకే ఎంత మారుమూల చేనైనా ఈమె వెళ్తుంది. వెళ్లి మాత్రం ఏం ఒరగబెడుతున్నానని ఈమధ్య విసుగేస్తోంది.

"తనిఖీ అయ్యేదాకా దున్నొద్దన్నారు, దున్నలేదు," అన్నాడు రైతు. "పక్కవాళ్లు దున్ని, విత్తి, మొలకలు కూడా చూసుకుంటున్నారు. చెప్పిన మాట విన్నందుకు నాకిది శాస్తి."

ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. "ముఖం పడట్లేదు సార్. మీసం అతికించి తియ్యమంటారా?"

"వెలుతురు మార్చి చూడమ్మా. సాయంత్రంతో గడువు అయిపోతుంది," అన్నాడు ఆఫీసరు.

"ఎండ వాలాక మళ్లీ వస్తాను. ఇంట్లోనే ఉండండి," అంది రైతుతో.

"ఎక్కడికి పోతాను తల్లీ."

ఇంకో మూడు చేలు పూర్తయ్యేసరికి ఆఫీసరే ఫోన్ చేశాడు. ముఖం కలవకపోయినా ఫరవాలేదట, రైతు వేలిముద్ర వేస్తే చాలట. ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవొచ్చుగా అని గొణుక్కుంటూనే స్కూటరు వెనక్కి తిప్పింది.

గుమ్మం ముందు ఐదారు జతల చెప్పులున్నాయి. లోపల మంచం మీద ఆయన పడుకుని ఉన్నాడు. ఎవరో ఆయన కళ్లు మూసి ఉంచారు. పక్కన నేల మీద భార్య కూర్చుని ఉంది.

"నువ్వు మళ్లీ ఫొటో తీస్తావని చొక్కా ఉతుక్కుని ఆరేసి వచ్చాడమ్మా. మంచినీళ్లడిగాడు. నేను తెచ్చేలోపల..." ముసలామె తలెత్తి అడిగింది. "పొద్దుట తీసింది పడలేదా?"

"పడలేదమ్మా."

మంచం అంచున ఆయన కుడిచెయ్యి అరచెయ్యి పైకి తిరిగి ఉంది. బొటనవేలి గోట్లో చేలో మట్టి. వేలిముద్ర మిషను ఆమె సంచిలోనే ఉంది, గడువుకింకా గంటన్నర ఉంది. ఆమె ఆ వేలినే చూస్తూ నిలబడింది. తర్వాత సంచి జిప్పు మూసేసి, ముసలామె పక్కన చతికిలబడింది.

"వారసుల ఫారం ఉంటుందమ్మా. మళ్లీ మొదట్నించీ తిరగాలి. నేను తిరుగుతాలే."

పెరట్లో తీగ మీద తెల్లచొక్కా, చేతుల చివర్ల నుంచి ఇంకా నీళ్లు కారుస్తూ, గాలికి మెల్లగా ఊగుతోంది.