ఆకుపచ్చ కోటు వెళ్ళిన ఊరు

సోరియా ఊళ్ళో ఏ దుకాణంలో అడుగుపెట్టినా పలకరింపు తరవాత అడగాల్సిన మాట ఒకటే: "చివరెవరు?" చేపల కొట్టయినా, డాక్టరు గదైనా అంతే. ఎవరో ఒకరు వేలెత్తి "నేనే" అంటారు. ఆ మొహం గుర్తుపెట్టుకుంటే చాలు, మీ వంతు ఎక్కడికీ పోదు. బారులు తీరి నిలబడక్కర్లేదు. కుర్చీ దొరికితే కూర్చోవచ్చు, వీధిలోకి పోయి ఎండ కాచుకోవచ్చు. వరస అంతా మనుషుల జ్ఞాపకంలోనే ఉంటుంది.

ఆ అక్టోబరు ఉదయం విసి తన భర్త సతూరియో చెయ్యి పట్టుకుని ప్రయాణాల ఆఫీసు తలుపు తోసేసరికి లోపల పదిమంది పోగై ఉన్నారు. పెన్షను పుచ్చుకునే పెద్దవాళ్ళకు ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చే సెలవు యాత్రల టికెట్లు ఆ రోజే మొదలు. మంచి ఊళ్ళన్నీ మధ్యాహ్నానికల్లా అయిపోతాయి.

"చివరెవరు?" అని అడిగింది విసి.

"నేనేనమ్మా," అంటూ కిటికీ పక్కనున్న ముసలాయన వేలెత్తాడు. ఆయన పేరు ఓరెన్సియో. పని చేసినన్నాళ్ళూ ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. "ఈసారి ఎక్కడికి విసీ?"

"ఇంకా అనుకోలేదు."

"బాగుంది. పెళ్ళికి గుళ్ళో నిలబడి పెళ్ళికొడుకు ఎవరో ఆలోచించి చెప్తానన్నట్టుంది."

విసి నవ్వబోయి ఊరుకుంది. నిజానికి ఆమె ఆర్నెల్లుగా అదే ఆలోచిస్తోంది.

ఏప్రిల్ నుంచీ సతూరియోది ఒకటే పాట. "విసీ, మళ్ళీ అక్కడికి వెళ్దాం." ఎక్కడికి అంటే, "అదే, సముద్రం దగ్గరికి. నువ్వు ఆకుపచ్చ కోటు వేసుకుని గోడ మీద కూర్చున్నావు. కాగితం పొట్లంలో వేయించిన చేపలు తిన్నాం. సన్నగా వాన. గాలికి నా తెల్ల టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు." ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన తడుముకోడు. నిన్న తిన్నదేమిటో చెప్పలేని మనిషి, ఆ చేపల మీద ఉప్పు ఎక్కువైందని కూడా చెప్తాడు. ఊరి పేరు మాత్రం నోటికి రాదు.

విసి ఆ మాటల్ని పప్పులో రాళ్ళేరినట్టు ఏరి చూసింది. కోటు, వాన సాన్ సెబాస్తియాన్‌వి. యాభై ఏళ్ళ కిందట పెళ్ళయిన మర్నాడు ఉత్తరాన ఉన్న ఆ ఊరికే వెళ్ళారు. నాలుగు రోజులూ ముసురు. అక్కడి జనం గొంతు పెంచకుండా మాట్లాడతారు, వానలో కూడా వాళ్ళ బూట్లు తళతళలాడుతూనే ఉంటాయి. కానీ వాళ్ళిద్దరూ గోడ మీద కూర్చోలేదు, గోడలన్నీ తడి. చేపలూ తినలేదు. చవక హోటల్లో చిక్కుడుగింజల పులుసు తాగారు.

పొట్లంలో చేపలు, తెల్ల టోపీ కాదిస్‌వి. దేశానికి ఆ కొసన, దక్షిణాన, మూడు పక్కలా సముద్రం ఉన్న ఊరు. పెళ్ళికి మూడేళ్ళ ముందు సతూరియో అక్కడ నౌకాదళంలో తప్పనిసరి సైనిక సేవ చేశాడు. అంతా ఎండ, గాలి, నవ్వులు, దారినపోయేవాణ్ణి కూడా "నా ప్రాణమా" అని పిలిచే జనం అని ఉత్తరాల్లో రాసేవాడు. విసి ఆ ఊరి మొహం చూడలేదు.

మరి గోడ మీద కూర్చుని నవ్వినదెవరు?

ఈ ప్రశ్న పట్టుకుని ఆమె గుళ్ళో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి కూడా వెళ్ళింది.

"ఫాదర్, అసూయపడ్డాను."

"ఎవరి మీదమ్మా?"

"ఒక పిల్ల మీద. యాభై మూడేళ్ళ కిందటి పిల్ల. ఉందో లేదో కూడా తెలీదు."

"లేని మనిషి మీద పడ్డ అసూయకి ఏం ప్రాయశ్చిత్తం వెయ్యాలో నాకు నేర్పలేదు," అన్నాడు ఫాదర్ లియోన్సియో. " మూడుసార్లు మరియమ్మ జపం చెప్పుకో. ఎక్కువైతే ముందుముందు పనికొస్తుంది, దాచుకో."

అసూయ ఒక్కటే అయితే ఆమె ఎలాగో దిగమింగుకునేది. వసంతంలో సారగోసాలో కూతురింటికి వెళ్ళినప్పుడు సతూరియో మూడు రోజులూ సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఇదెవరిల్లు, మనమెప్పుడు పోతాం, అని అడుగుతూనే ఉన్నాడు. సంగతి విన్న డాక్టరు చెప్పింది: "తెలిసిన చోటు ఆయన్ని పట్టి నిలబెడుతుంది. తెలియని చోటు భయపెడుతుంది. తీసుకెళ్తే ఆయన అడిగే చోటుకే తీసుకెళ్ళండి. అదీ ఈ ఏడే."

ఈ ఏడే అంటే ఏమిటో విసి విడమర్చి అడగలేదు. వచ్చే ఏటికి తన పక్కన కూర్చున్నది విసి అని ఆయనకు తెలిసి ఉంటుందన్న హామీ ఎవరిస్తారు? ఏడాదికి ఇచ్చేది ఒక్క యాత్ర. తప్పు ఊరికి వెళ్తే ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని ఏ హోటలు గుమ్మంలోనో కూర్చుంటాడు. ఆఖరి ప్రయాణం అలా ముగిసిపోతుంది.

సాన్ సెబాస్తియానే అంది ఫోన్లో కూతురు. దగ్గర, నీకు తెలిసిన ఊరు. కాదిసే అంది పక్కింటావిడ. ముసురులో మోకాళ్ళు పట్టేస్తే నిన్నెవరు లేపుతారు? ఇద్దరి మాటా సబబుగానే ఉంది. అదే చిక్కు.

ఆఫీసు గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. కౌంటరులో నెరెయా అనే అమ్మాయి ఒక్కతే పని చేస్తోంది. ముందు ఇంకా ఎనిమిదిమంది. విసి సతూరియోను కుర్చీలో కూర్చోబెట్టి మఫ్లరు సర్దింది.

"గుళ్ళోకి ఒక్క అడుగు వేసొస్తాను. ఎవరైనా వచ్చి చివరెవరు అంటే నేనే అని చెప్పు. మనం ఓరెన్సియో వెనక. అంతే. చెప్తావా?"

"చిన్నపిల్లాణ్ణా నేను?" అన్నాడు సతూరియో.

గుడి వీధి మలుపులోనే ఉంది. పోయినవాటిని వెతికిపెట్టే పునీత అంతోనివారి ముందు కొవ్వొత్తులు తీసేసి, గాజు పెట్టెలో చిన్న కరెంటు దీపాలు రెండు వరసలుగా అమర్చారు. నాణెం వేస్తే ఒకటి వెలుగుతుంది. విసి శిలువ గుర్తు వేసుకుంది. పునీతుడితో బేరం పెట్టకూడదని ఆమెకు తెలుసు. అయినా పెట్టింది. ఎడమ వరసలో వెలిగితే సాన్ సెబాస్తియాన్, కుడి వరసలో వెలిగితే కాదిస్.

నాణెం వేసింది. ఏదీ వెలగలేదు. పెట్టె మీద అరచేత్తో తట్టింది. ఎడమ వరసలో ఒకటి, కుడి వరసలో ఒకటి, రెండూ ఒక్కసారే వెలిగాయి.

విసి రెండింటినీ మార్చి మార్చి చూసింది. "పెద్ద చెయ్యే మీది, స్వామీ," అంది మెల్లగా. "కానీ నేనడిగింది అది కాదు."

ఆ స్వామికి తెలియక కాదు. తెలిసినవాడు ఒక్క ముక్క చెప్పడానికి అభ్యంతరమేమిటి? ఆమెది ఫిర్యాదు కాదు. అర్థం కాక అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడింది కూడా. వెనక ఎవరో దగ్గారు. బయటికి వచ్చేసింది.

ఆఫీసు తలుపు తియ్యకముందే లోపలి గోల వినిపించింది.

"ఈయన వెనక నేను."

"నేనమ్మా. ఆయన్నే అడిగాను, చివర తనేనన్నాడు."

"నాకూ అదే చెప్పాడు."

"నాకు చెప్పి రెండు నిమిషాలు కాలేదు."

"మనిషికి ఉండేది ఒక్క వీపు కదండీ, దాని వెనక అయిదుగురు ఎలా నిలబడతారు?"

అయిదుగురికీ మధ్యలో సతూరియో నిటారుగా కూర్చుని ఉన్నాడు, ఓడ నడిపే కెప్టెనులా. విసిని చూసి మొహం విప్పారింది. "చూడు విసీ, ఎంతమంది మన వెనక. అందరూ అక్కడికే వస్తారు కాబోలు."

విసికి అర్థమైంది. వచ్చిన ప్రతివాళ్ళూ చివరెవరు అని అడిగారు. ప్రతివాళ్ళకీ ఆయన నేనే అన్నాడు. ఆమె చెప్పమన్నది పొల్లు పోకుండా చెప్పాడు. చెప్పేశానన్న సంగతి ఒక్కటే మరిచిపోయాడు.

పండ్ల కొట్టు నడిపి మానుకున్న ప్రిమితీవా అందరికన్నా గొంతు పెంచింది. "నా కొట్లో ఇలాంటి వేషాలేస్తే నారింజపళ్ళతో సహా వీధిలోకి పంపేదాన్ని. ముసలాయన మన చెవుల్లో పువ్వులు పెడుతున్నాడు."

"పువ్వులు కావు, చేపలు," అన్నాడు సతూరియో మర్యాదగా. "కాగితం పొట్లంలో."

ఎవరో కిసుక్కుమన్నారు. విసికి చెవులు కాలిపోయాయి. బజారులో, గుడి మెట్ల మీద, మంగలి షాపులో, ఆయనకు మాట అందనప్పుడల్లా ఆమె ముందే అందించి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఇక అందించడానికి ఏమీ దొరకలేదు.

"మా ఆయనకి గుర్తుండదు," అంది. "తప్పు నాది. ఒంటరిగా వదిలి వెళ్ళాను."

గది చల్లబడింది. ప్రిమితీవా చేతిసంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. మార్చుకుని, తిరిగి మొదటి చేతిలోకి తెచ్చుకుంది.

"సరే," అంది చివరికి. "నేను చివర. ఇంక ఎవరొచ్చినా నన్నడగండి."

"ఇందాక నేనే ముందన్నావు కదా," అన్నాడు కర్ర పట్టుకున్న ఒకాయన.

"ఇప్పుడు చివరంటున్నాను. నీకేమన్నా నొప్పా?"

మిగిలిన నలుగురూ ఎవరు ఎప్పుడొచ్చారో తమలో తాము తేల్చుకున్నారు. ఒకావిడ ఒకటికి రెండుసార్లు సతూరియో దగ్గరికి వచ్చి, "నేను మీ వెనకే ఉన్నానండీ, కంగారు పడకండి," అని చెప్పి వెళ్ళింది. ఆయన కంగారు పడటం లేదు. ఓరెన్సియోకి చేపల కథ చెప్తున్నాడు, కోటు, గోడ, వాన, టోపీ, మొదటినుంచీ.

అంతా విని ఓరెన్సియో విసివైపు తిరిగాడు. "పొట్లంలో చేపలంటే కాదిసే. ఎంత అదృష్టం. ఇద్దరూ కుర్రతనంలోనే కాదిస్ తిరిగొచ్చారన్నమాట."

"నేనెప్పుడూ వెళ్ళలేదు." గొంతు తగ్గించింది. "ఆయన పక్కన కూర్చున్నదెవరో నాకు తెలీదు."

ఓరెన్సియో నవ్వలేదు. "నేను నా సైనిక సేవ మెలియాలో చేశాను, సముద్రానికి ఆవల. సాయంత్రమైతే ఊరంతా మా ఆవిడ ఫెలీసాకి చూపించేవాణ్ణి. ఇదిగో రేవు, ఇదిగో పుదీనా టీ అమ్మేవాడు, ఇక్కడ మెట్టుంది, చూసుకో అని. అదేమో అప్పుడు ఇక్కడ వాళ్ళ నాన్న పందులకి మేత వేస్తూ ఉండేది. పోయేదాకా సముద్రం దాటలేదు." టోపీ తీసి తల గోక్కున్నాడు. "కానీ ఇప్పుడు నన్నడిగితే, ఆ టీ ఒక్కణ్ణే తాగానని ప్రమాణం చెయ్యలేను."

"నీకు మతి బాగానే ఉంది కదా."

"ఉందనే అనుకుంటున్నా."

కౌంటరు నుంచి పిలుపు వచ్చి ఓరెన్సియో లేచి వెళ్ళాడు. ఒక్క టికెట్టే అడిగాడు.

విసి కూర్చున్న చోటే ఉండిపోయింది. ఆకుపచ్చ కోటు. ఆ కోటును ఆమె ఇన్నాళ్ళూ పెళ్ళి కోటు అనే అనుకుంది, వాన కురిసిన సాన్ సెబాస్తియాన్‌కే కట్టబెట్టింది. కానీ అది కుట్టించింది పెళ్ళికి కాదు. అంతకు మూడేళ్ళ ముందు జనవరిలో సోరియా స్టేషన్లో రైలు పక్కన అదే కోటుతో నిలబడింది. కిటికీలోంచి సగం బయటికి వంగిన కుర్రాడు రైలు వంపు తిరిగేదాకా దాన్నే చూశాడు. సతూరియో అక్కణ్ణించి తిన్నగా వెళ్ళింది కాదిస్‌కే.

అయితే ఆ కోటును ఆయన తనతోపాటు తీసుకెళ్ళి ఆ గోడ మీద కూర్చోబెట్టాడా? అయి ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. కాదిస్‌లో వాన పడుతుందో లేదో కూడా ఆమెకు సరిగా తెలియదు. ఆ గోడ మీద వేరే ఎవరో ఉండి, కాలం గడిచేకొద్దీ వాళ్ళ మొహం చెరిగి ఈమె మొహం వచ్చి చేరిందేమో. అప్పుడైనా చివరికి మిగిలింది ఎవరు?

"సెన్యోరా, మీరే," అంది నెరెయా. "తొందరగా చెప్పండి. సాన్ సెబాస్తియాన్‌కి నాలుగున్నాయి, కాదిస్‌కి రెండే."

విసి సతూరియోను లేవదీసి కౌంటరు దగ్గరికి తెచ్చింది. "ఏ ఊరు?" అని అడిగింది.

"చెప్పానుగా."

"పేరు చెప్పు."

ఆయన ఆమె కళ్ళల్లోకి చూశాడు. పేరు కోసం లోపలెక్కడో వెతుకుతున్నట్టు పెదవులు కదిలాయి. తరవాత కొంచెం విసుక్కున్నాడు. "నువ్వూ ఉన్నావుగా అక్కడ. నన్నడుగుతావేం?"

తను వెళ్ళిన ఊళ్ళో తను ఉన్నట్టు ఆయనకు గుర్తుంటే అందులో వింత లేదు అనుకుంది విసి. వెళ్ళని ఊళ్ళో ఉన్నట్టు గుర్తుంటే, ఆ గోడ ఒకసారి చూసి తీరాలి.

"కాదిస్," అంది. అన్న మరుక్షణం తప్పు చేశాననిపించింది. అయిదు సెకన్ల తరవాత చెయ్యలేదనిపించింది. ఈలోగా యంత్రం టికెట్లు బయటికి తోసేసింది.

"నవంబరులో కోట్లు అక్కర్లేదక్కడ," అంది నెరెయా నవ్వుతూ.

"ఒకటి తీసుకెళ్తాను," అంది విసి.

బయట ఎండ వచ్చింది కానీ గాలి కోస్తోంది. సతూరియో ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. గుడి మలుపు దాటాక ఆగాడు.

"విసీ, మనం ఎక్కడికి వెళ్తున్నాం?"

"కాదిస్‌కి."

ఆయన ఆ పేరును నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. గుర్తుపట్టాడో లేదో మొహం చూసి చెప్పడం ఆమెవల్ల కాలేదు. "మంచిది," అన్నాడు. "అప్పుడు నీకు బాగా నచ్చింది కదా."

"నచ్చింది," అంది విసి.

ఇంటిదాకా ఆమెకు ఒకటే ఆలోచన. ఇప్పుడన్నది అబద్ధమా, కాదా? అబద్ధమైతే ఆదివారం ఫాదర్ లియోన్సియోకి చెప్పుకోవాలి. కాకపోతే చెప్పుకోవడమే తప్పవుతుంది. దాచుకున్న జపాలు ఏమైనా మిగిలాయేమో లెక్క చూసుకోబోయింది. ఇంతలో సతూరియో, గొడుగు మరిచిపోకు, అక్కడ సన్నగా పడుతూనే ఉంటుంది, అన్నాడు.