నిలబడ్డవాళ్ళు

భీమ్లి గుండె ఆగి చనిపోలేదు. ముప్పై మంది నిలబడి చూసినందుకు చనిపోయింది. ఆమె భర్త దేవ్‌సింగ్‌కు ఇది వాదించే విషయం కాదు. పదకొండేళ్ళుగా అతను ఈ మాట తండాలో చెప్పాడు, బాన్సువాడ బస్టాండులో చెప్పాడు, పిట్లం సంతలో చెప్పాడు, చాయ్ హోటళ్ళలో ముక్కు మొహం తెలియని వాళ్ళకు చెప్పాడు. వినకుండా లేచిపోయేవాళ్ళ వీపులకు కూడా చెప్పాడు.

ఆ యేడు యాసంగి వడ్లు తూకం కాంటా కోసం కల్లంలో కుప్పలు పోసి ఉన్నాయి. మధ్యాహ్నం గాలివాన కమ్ముకుంది. ఎవరి కుప్ప మీద వాళ్ళు పరదా లాగి, గాలికి లేచిపోకుండా అంచులు పట్టుకుని నిలబడ్డారు. పరదా మీద పెట్టడానికి రాయి మోసుకొస్తున్న భీమ్లి దారి మధ్యలో పడిపోయింది. ఒక్కడూ అంచు వదల్లేదు. వదిలితే వడ్లు తడుస్తాయి. ఆమె సొంత అన్న జేత్యా పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. వాన వెలిసేదాకా అతనూ నిలబడే ఉన్నాడు. దేవ్‌సింగ్ ఆ సమయానికి అవతల కాంటా దగ్గర ఉన్నాడు. అని అతను చెబుతాడు.

ఆ రోజు నుంచి జేత్యాతో మాటల్లేవు.

పదకొండేళ్ళ తర్వాత ఒక పొద్దున ఐదున్నరకు గురుకులం గేటు తెరిచి, దేవ్‌సింగ్ చీపురు పట్టుకుని బాస్కెట్‌బాల్ కోర్టు మీదికి వెళ్ళాడు. ఊరి చివర ఆడపిల్లల బడి అది. తొమ్మిదేళ్ళుగా అతను వాచ్‌మన్. అరవై దాటిన మనిషి. ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది. మెడ మీద చర్మం ఎండిన తుమ్మబెరడులా పగిలి ఉంటుంది. సిమెంటు పగుళ్ళలోంచి వచ్చిన గడ్డి పీకాడు. రాత్రి మంచుకు తడిసిన దుమ్మును అంచులకు నెట్టాడు. బకెట్లో సున్నం కలిపి, పాత బట్ట చుట్టిన కర్రతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. అతని గీత వంకర పోదు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, అతను ఎదురుచూడనూ లేదు.

ఆ కోర్టు మీద బడి జట్టు రెండేళ్ళుగా ఒక్క ఆటా గెలవలేదు. మొన్నటిదాకా వాళ్ళ ఆట ఒకటే: జట్టులో ఒక పొడుగు పిల్ల ఉండేది, బంతి ఆమెకిచ్చి మిగతా నలుగురూ నిలబడి చూసేవాళ్ళు. జూన్‌లో ఆ పిల్ల టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళంతా పొట్టివాళ్ళు. వ్యాయామం టీచరు ఆసిమా మేడం కొత్త ఆట పట్టుకొచ్చింది. దాన్ని మోషన్ అంటున్నారు. ఐదుగురూ కదులుతూనే ఉండాలట, ఎవరూ ఒక చోట నిలబడకూడదట. నాలుగు నెలలుగా పిల్లలు ఒకరికొకరు గుద్దుకుని పడటం తప్ప దేవ్‌సింగ్‌కు అందులో ఏమీ కనిపించలేదు.

"తాతా."

అతను తల ఎత్తలేదు. ఆ గొంతు నీలది. తొమ్మిదో తరగతి. జేత్యా మనవరాలు. తండాలో మాట్లాడే ఇంటి భాషలో పిలిస్తే అతను బదులివ్వడని ఆమె ఎప్పుడూ తెలుగులోనే పలకరిస్తుంది.

"మా తాతను ఇంటికి తీస్కపొమ్మన్నరు డాక్టర్లు. ఇగ చేసేదేం లేదంట. తాతేమో కదుల్తలేడు. నువ్వొచ్చి పోతేనే ఇంటికి పోతడంట."

"నేనొస్తే ఏమైతది? నేనేమన్న డాక్టర్నా?"

"నీతోని ఒక్క మాట చెప్పేదుందంట."

"పదకొండేండ్ల కింద చెప్పాల్సిండె. సున్నం తొక్కుతున్నవ్, జరుగు."

నీల జరిగింది. కానీ వెళ్ళలేదు. "ఇయ్యాల మ్యాచ్ ఐనంక నేను దవాఖానకు పోతున్న. నాతోని రా తాతా."

"గెల్చినప్పుడు జూద్దాం తియ్యి."

"గెలిస్తే వస్తవా?"

దేవ్‌సింగ్ కర్రను సున్నంలో ముంచాడు. గెలిచే ప్రశ్నే లేదు కాబట్టి బదులు చెప్పే అవసరం లేదు.

ఆరున్నరకు పిల్లలు సాధన మొదలుపెట్టారు. ఒక పిల్ల జ్వరంతో పడుకుంది. ఆసిమా మేడం గేటు దాకా వచ్చింది.

"చాచా, జర ఐదు నిమిషాలు రండి. ఒక మనిషి తక్కువైంది."

"నాకేం వస్తది మేడం?"

"ఏం రానవసరం లేదు. నిలబడకుంటే చాలు. బంతి వస్తది, ఎవరికన్న ఇచ్చెయ్యండి, కదలండి. మీరు ఇడిసిన జాగలకు ఇంకొకరు వస్తరు. దాని ఫికర్ మీకొద్దు."

అతను చెప్పులు విడిచి కోర్టులోకి దిగాడు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. బంతి వచ్చింది. రెండు చేతులతో పట్టుకున్నాడు. చుట్టూ నలుగురు పిల్లలు తిరుగుతున్నారు. ఒకామె ముందుకు దూసుకుపోయింది, ఇంకొకామె వెనక్కి వచ్చింది. ఎవరు ఎక్కడుంటారో అతనికి అంతుపట్టలేదు. బంతిని పొట్టకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఇడ్సు తాతా! ఇడిసిపెట్టు!" నీల అరిచింది.

చేతులు విడివడలేదు. వేళ్ళు బంతి మీద తెల్లబడ్డాయి.

"తాత బంతికి గూడ తాళమేసిండే!" ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆసిమా మేడం కూడా నవ్వింది. దేవ్‌సింగ్ బంతిని మెల్లగా కింద పెట్టి, "నాకు పనుంది" అని బయటికి వచ్చేశాడు.

నల్లా కింద చేతులు కడుక్కుంటుంటే కుడి అరచేతిలో అడ్డంగా ఉన్న మచ్చ కనిపించింది. రోజూ కనిపించేదే. చెరుకు కత్తి కోసుకుందని అందరికీ చెప్పాడు. అది కత్తి కాదు, నైలాను తాడు. ఆ రోజు కాంటా నడవనే లేదు. దేవ్‌సింగ్ తన కుప్ప దగ్గరే ఉన్నాడు. పరదా తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, మడమలు బురదలో దిగేసి నిలబడ్డాడు. భీమ్లి పడటం చూశాడు. కాలు జారిందనుకున్నాడు. లేస్తుంది అనుకున్నాడు. లేవలేదు. "ఎవరన్న సూడుండ్రి! ఎవరన్న పోండ్రి!" అని అరిచాడు. అందరికంటే గట్టిగా అరిచింది అతనే. తాడు చర్మం కోసుకుంటూ లోపలికి దిగింది. అయినా పిడికిలి విప్పలేదు. ఆరు నెలల పంట.

వడ్లు తడవలేదు.

నల్లా కట్టేసి, తడి చేతిని ధోవతికి తుడుచుకుని గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

పొద్దంతా ఎప్పటిలాగే గడిచింది. పాలబండికి గేటు తీశాడు. రుద్రూర్ నుంచి ఒక తల్లి బిడ్డను చూడటానికి వస్తే రిజిస్టరులో వేలిముద్ర వేయించి, చెట్టు కింద కూర్చోమన్నాడు. ఒంటిగంటకు వంటమనిషి దేవీబాయి పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చింది. ఆమెదీ అతని తండానే.

"జేత్యా అన్నను సూసొస్తివా?"

"లేదు."

"అర మైలు గూడ లేకపాయె దవాఖాన."

"నీ పప్పుల ఉప్పు లేదు. ముందుగాల గది సూస్కో."

"ఉప్పుంది. నీ నాలికె మీదనే ఏం లేదు" అని దేవీబాయి వెళ్ళిపోయింది.

మూడింటికి వర్ని వైపు నుంచి ఎదుటి జట్టు వచ్చింది. పొడుగు పిల్లలు, ఒకే రంగు బూట్లు. గురుకులం పిల్లల్లో ఇద్దరి బూట్లకు లేసులు లేవు, పురికొస కట్టుకున్నారు. దేవ్‌సింగ్ ఎప్పటిలాగే స్టూలును రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెనక ఈల, చప్పట్లు, బంతి చప్పుడు. ఎదుటివాళ్ళు వరసగా పాయింట్లు వేస్తున్నారని ఆ కేకలను బట్టే తెలిసింది. రెండేళ్ళుగా విన్న మోతే.

తర్వాత ఆ మోత మారింది. బంతి నేలకు తగలడం తగ్గింది. ఇంతకుముందు ఒక పిల్ల దాన్ని నేలకు కొట్టుకుంటూ ఉండిపోయేది. ఇప్పుడు చేతి నుంచి చేతికి చిన్న చప్పుళ్ళు, వెంట వెంటనే. బూట్లు సిమెంటు మీద రాసుకునే శబ్దం ఒక్క క్షణం ఆగడం లేదు. ఎవరూ అరవడం లేదు.

అతను వెనక్కి తిరిగాడు.

బంతి నీల చేతిలో ఒక ఊపిరి సేపు కూడా లేదు. ఇచ్చేసింది. ఇచ్చి, బంతి వైపు కాకుండా ఎటో మూలకు పరిగెత్తింది. ఎదుటి పిల్ల ఆమె వెంట పడింది. నీల వదిలిన చోటు ఖాళీ అయింది. రెప్ప వేసేలోపు అందులోకి ఇంకో పిల్ల వచ్చింది. ఆ పిల్ల వదిలిన చోటికి మూడో పిల్ల. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. ఎవరూ వెనక్కి చూడటం లేదు. కూలి ముఠాలో మేస్త్రీని వెతికినట్టు దేవ్‌సింగ్ కళ్ళు ఆ ఐదుగురిలో ఒకరిని వెతికాయి, ఇదంతా నడిపించేది ఎవరని. ఎవరూ లేరు. ఆ పొట్టి పిల్లలు, పురికొస కట్టుకున్న పిల్లలు, పొద్దున అతన్ని చూసి నవ్విన పిల్లలు, తమ జాగా తమది కాదన్నట్టు దాన్ని వదిలి పోతున్నారు. వదిలిన ప్రతిసారీ అది నిండుతోంది.

తను తొమ్మిదేళ్ళు గీసిన తెల్ల గీతల మధ్య ఇంత చోటు ఉందని అతనికి తెలియదు.

నీల రింగు కిందికి వచ్చింది. బంతి ఆమెకు అందింది. ఇద్దరు పొడుగు పిల్లలు చేతులు చాపి ఆమె మీదికి లేచారు. ఆమె తల తిప్పకుండా బంతిని తన వెనక్కి విడిచింది. అక్కడ ఎవరూ లేరు. బంతి చేరేసరికి ఉన్నారు.

దేవ్‌సింగ్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో తెలియదు. దేవుడి ముందు కూడా అతను ఇలా నిలబడి ఎరగడు. ఆ రోజు తాడు వదిలి ఉంటే ఏమయ్యేది? పరదా లేచిపోయేది. వడ్లు తడిసేవి. అంతే. భీమ్లి బతికేదో లేదో అతనికి తెలియదు. ఆమె పక్కన ఒక మనిషి ఉండేవాడు.

బోర్డు మీద ఇరవై ఆరు, ఇరవై నాలుగు. గురుకులం రెండు వెనక. ఆట ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. గెలుపో ఓటమో తేలేదాకా అతను ఆగలేదు. తాళంచెవుల గుత్తి స్టూలు మీద పెట్టి గేటు దాటాడు. పనివేళలో గేటు వదలడం తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.

రోడ్డు మలుపులో భయమేసి వెనక్కి చూశాడు. స్టూలు మీద దేవీబాయి కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో ఉల్లిగడ్డలు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రి వార్డులో జేత్యా కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు రెండు బస్తాలు ఒకేసారి ఎత్తిన మనిషి దుప్పటి కింద పిల్లవాడంత అయ్యాడు. ముక్కుకు గొట్టం. కళ్ళు మాత్రం దారి వైపే ఉన్నాయి.

"వస్తివా బావా" అన్నాడు, ఇంటి భాషలో. పదకొండేళ్ళ తర్వాత దేవ్‌సింగ్ ఆ ఇంటివాళ్ళతో ఆ భాష మాట్లాడాడు.

"నేను కాంట కాడ లేకుంటి."

"నాకెర్కే."

"నేను గూడ తాడు ఇడ్వలే."

"సూసిన. నువ్వు నన్ను సూసినవ్, నేను నిన్ను సూసిన. ఇద్దరం దాన్ని సూసినం." జేత్యా ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నా చెయ్యి గూడ పరదా ఇడ్సి రాలే బావా."

దేవ్‌సింగ్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. "మరి పదకొండేండ్లు ఎందుకు జెప్పలే? ఊరూరు తిరిగి నిన్ను తిడితి. ఒక్క మాట అంటే నా నోరు మూతపడుతుండె."

"భీమ్లి పోయినంక నీకు పట్టుకునేటందుకు గా తిట్టుడొక్కటే మిగిలె. గది గూడ గుంజుకుంటే నువ్వు బతుకుతుంటివా?"

ఎదురుగా పడుకున్న ఈ ఎముకల గూడు పదకొండేళ్ళు తన తిట్లన్నీ మోసింది, కింద పెట్టకుండా. అతను జేత్యా చేయి అందుకున్నాడు. ఆ వేళ్ళు కొద్దిగా బిగిశాయి.

"ఒక్కటే అడుగుత. నేనున్నన్ని దినాలు తిడితివి, పడితి. నేను పోయినంక వద్దు. మా నీల ఇంటది."

"సరే."

జేత్యా కళ్ళు మూసుకున్నాడు. కిటికీ బయట బోధన్ బస్సు హారన్ కొట్టి వెళ్ళింది. దేవ్‌సింగ్ అలాగే కూర్చున్నాడు. కాసేపటికి నీల పరుగున వచ్చింది. ఆట బట్టలు, మోకాలు గీరుకుపోయి రక్తం, మొహం నిండా చెమట.

"మల్ల ఓడినం తాతా!" అంది, నవ్వుతూ. "ఒక్కటంటే ఒక్క పాయింటే! వాళ్ళ జట్టు మేడం వచ్చి మాతోని చెయ్యి కలిపింది."

జేత్యా కదల్లేదు. తన చేతిలోని చేయి ఎప్పుడు వదిలిందో దేవ్‌సింగ్‌కు తెలియలేదు.

నర్సు వచ్చి చూసి గొట్టం తీసింది. నీల తాత కాళ్ళ మీద తల పెట్టింది. ఇంటికి కబురు వెళ్ళింది. వార్డులో పనిచేసే నడివయసు మనిషి దుప్పటి సర్దుతూ జేత్యా మొహంలోకి ఒకసారి తేరిపార చూశాడు.

"ఈనెనా, సొంత చెల్లె పడిపోతే సూస్కుంట నిలబడ్డది? చాయ్ హోటల్ల శాన దినాల కింద ఎవరో చెప్పంగ విన్న."

నీల తల ఎత్తింది.

"కాదు" అన్నాడు దేవ్‌సింగ్. "నిలబడ్డది నేను. నా పెండ్లాం పడిపోతే నేను నిలబడ్డ. నీకు చెప్పినోడు అబద్ధం చెప్పిండు."

ఆ మనిషి ఇంకేదో అడగబోయాడు.

"ఇగ అడుగకు. గా ముచ్చట ఇయ్యాలటితోని ఐపోయింది."

తర్వాత, కల్లంలో ఆ రోజు అసలేం జరిగిందని తండావాళ్ళు అడిగారు. ఆసిమా మేడం అడిగింది. నీల ఒక్కసారే అడిగింది. అతను ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం జేత్యాను బండిలోకి ఎక్కించాక ఖాళీ మంచం కింద అతని చెప్పులు మిగిలిపోయాయి. ఒకటి ముందుకు, ఒకటి కొంచెం వెనక్కి, అడుగు వేస్తూ ఉన్నట్టే ఉన్నాయి.