మనిషే గట్టు

కొమురవ్వను పోలీసులు నీళ్లలోంచి జబ్బ పట్టి ఈడ్చుకొచ్చారు. పెద్ద ముసలిది. చీర కొంగు బురదలో ఈడ్చుకుంటూ వచ్చింది. నేను ఒడ్డున షామియానా కింద కూర్చుని చూశాను. ఏమీ అనిపించలేదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాణ్ణి, అరుపులు చెవికెక్కవు.

నేను రేవుల ప్లానర్‌ని. సముద్రపొడ్డున రేవులు గీసీ గీసీ చెయ్యి అరిగాక, సముద్రమే లేని మా వైపుకు పంపి గోదావరి మీద రేవు గీయమన్నారు. భైంసా పత్తి పడవలెక్కి పోతుందట. పై వాళ్లెవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. బాసర దాపున, డ్యాం నీళ్లు వెనక్కి తన్ని నిలిచే చోటు చూసుకుని గీశాను. ఉపగ్రహం ఆ ఫొటోను వానాకాలంలో తీసింది. అందులో అంతా నీళ్లే. ఖాళీ జాగా అని రంగు పూశాను.

యాసంగికి ఆ నీళ్లు తగ్గుతాయి. తేలిన ఒండ్రులో ఊరు శనగ చల్లుకుని బతుకుతుంది. నీళ్లలో గట్లు నిలవవు కాబట్టి అక్కడ మనిషే గట్టు. నీళ్లు మోకాలి లోతుకు దిగిన రోజు ఇంటికొకరు వచ్చి తమ మడి మూల మీద నిలబడతారు. పొద్దుగూకేదాకా కదలకపోతే ఆ ఏటికి ఆ మడి వాళ్లది. మూల ఖాళీ అయితే పక్కవాడిది. సరిగ్గా ఆ రోజే కాంట్రాక్టర్ దేవదాస్ పోలీసుల్నీ, స్తంభాలు దింపే మిషన్నీ వెంటేసుకుని దిగాడు.

"గివి సర్కారు నీళ్లు! ఎల్లుండ్రి బయటికి!" అని అరిచాడు.

"నీళ్లు సర్కారువైతే తీస్కపో. కిందున్న మన్ను మాది" అంది కొమురవ్వ. అందుకే మొదట ఆమెను ఈడ్చారు.

ఆమె మూల ఖాళీ అయింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. పక్క మడి ముత్తయ్యది. ఇద్దరికీ ఆ హద్దు కాడ ఏటా తగువే. దేవదాస్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

"ముత్తయ్యా, ముసల్దాని మడికి వచ్చే పరిహారం గూడ నీకే ఇప్పిస్త. జర ఒడ్డుకు రా. నువ్వొస్తే అందరొస్తరు."

నీళ్లలో గుసగుస లేచింది. "తీస్కుందమే, సర్కారుతోటి కొట్లాడి గెలుస్తమా?" అన్నాడొకడు.

"గెలుసుడు తర్వాత!" అని డిగ్రీ చదివే నవ్యశ్రీ గట్టిగా అరిచింది. "కాకా, ఇయ్యాల అవ్వ హద్దు నీతోటి తినిపిస్తడు. రేపు నీ హద్దు ఎవనితోటి తినిపిస్తడో?"

ముత్తయ్య కదిలాడు. ఒడ్డుకు కాదు, కొమురవ్వ మూల వైపు. "తింటుండు! తింటుండు!" అని జనం మొత్తుకున్నారు. ఆయన ఆమె అడుగులున్న చోటే నిలబడి ఒడ్డు వైపు తిరిగాడు.

"ఏందే ముసలీ! నువ్వు నిలబడ్డ కాడనే నిలబడ్డ. జానెడు గూడ జరగలే, చూస్కో! నీ బదులు నిలబడ్డ."

పోలీసుల చేతుల్లోంచే కొమురవ్వ, "జరిగినవో, కాళ్లిరగ్గొడ్త!" అంది. ఏడుస్తూనే అంది.

ముత్తయ్య వదిలిన మూలలోకి నవ్యశ్రీ వెళ్లింది. ఆమె మూలలోకి ఆమె తల్లి ఒడ్డు మీంచి దిగింది. పోలీసులు ముత్తయ్యను ఈడ్చుకుపోతే ఆ చోట్లోకి మరొకరొచ్చారు. ఈడ్చేకొద్దీ వచ్చారు. ఒడ్డున చోద్యం చూడ్డానికొచ్చిన పక్క ఊరివాళ్లూ చెప్పులు విడిచి దిగారు. పోలీసు బండి నిండిపోయింది, నీళ్లలో జనం మాత్రం తగ్గలేదు.

ఎస్సై నా దగ్గరకొచ్చాడు. "సార్, మీరు చెయ్యెత్తితే మిషన్ షురూ అయితది. మెల్లగ నడిపిస్తే వాళ్లే జరుగుతరు."

చెయ్యెత్తడమే కదా నా ఉద్యోగం. ఎత్తాను.

మిషన్ నడిపే అంతయ్య నా చెయ్యిని చూశాడు. నీళ్లలో జనాన్ని చూశాడు. ఇంజన్ బందు చేసి కిందికి దిగాడు.

"అరే, యాడికి పోతున్నవ్‌రా? నీ పని ఊడుతది!" అని దేవదాస్ వెంటపడ్డాడు.

అంతయ్య వెనక్కి తిరగలేదు. అప్పుడు నాకు భయమేసింది. ఆయన ప్యాంటు మోకాళ్లపైకి మడిచి నీళ్లలోకి నడిచి, నవ్యశ్రీ దగ్గర ఆగాడు.

"చెల్లె, ఎవల మూల ఖాళీ ఉందే?"