రెండు చేతుల కుట్టు

పదకొండో కాజా పూర్తిచేసి కరీమున్ దారాన్ని పళ్లతో కొరికింది. సత్తెనపల్లిలో గౌస్ బాషా టైలరింగ్ షాపు గుమ్మం పక్కన, అదే పీట మీద, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని అదే. ఊళ్లో సగంమంది గుండీలు ఆమె కుట్టిన కాజాల్లోంచే దూరతాయి. చొక్కా ఎవరు కుట్టారంటే మాత్రం గౌస్ పేరే చెబుతారు. కాజాలు కుట్టే మిషన్ వచ్చి వారమైంది. ఇవాళ ఆమెకు ఆఖరి రోజు. రేపటి నుంచి దాచేపల్లిలో కూతురింట్లో ఉండాలి. వెళ్లేలోగా ఒక్కరైనా కుట్టును పసిగట్టే తన కంటికి విలువిస్తే చాలుననుకుంది.

బిందుమాధవి టీచర్ జాకెట్ కోసం వచ్చింది. చేతిలోని అట్టపెట్టెలో పిట్టలు వదిలేసిపోయిన రెండు ఆకుగూళ్లున్నాయి. రేపు బళ్లో సైన్స్ ప్రదర్శన. రెండింటికీ కలిపి ఒకటే చీటీ: దర్జీ పిట్ట గూళ్లు. ఈ చుట్టుపక్కల ఆకు కుట్టిన గూడు ఏది కనబడినా అందరూ ఆ పేరే చెబుతారు.

కరీమున్ రెండింటినీ కంటికి దగ్గరగా పెట్టుకుంది.

“టీచరమ్మా, ఇవి రెండు వేరువేరు చేతుల కుట్లు.”

“అబ్బో! ఆపా పిట్టలక్కూడా కొలతలు తీసిందండోయ్!” అక్కా అనడానికి ఆపా అనే గౌస్ నవ్వాడు.

“కత్తెర పట్టేవాడివి, నీకేం తెలుసు గౌసూ, ఊరుకో. చూడండమ్మా, దీనికి బెజ్జం పొడిచి పత్తిపోగు దూర్చింది. అవతల పోగు ఉబ్బింది, ఇక జారదు. నెత్తిన ఎర్రటోపీ, ఆకుపచ్చ వీపు, అదీ దర్జీ. ఈ రెండోదానికి సాలీడు పోగులు, అంతా కచ్చాకుట్టు, లాగితే ఊడొచ్చేది. ఇది బూడిదరంగు వీపు పిట్టది. తోక ఎగరేస్తా పత్తిచేలో తిరుగుద్ది. ఎగిరితే రెక్కలు చిటచిటమంటయ్.”

టీచర్ నమ్మలేదు. ఫోన్ తీసి వెతికింది, బొమ్మలు పెద్దవి చేసి గూళ్ల పక్కన పెట్టి చూసింది.

“ఒకటే కుటుంబం, జాతులు మాత్రం వేరు. మీరు చెప్పిందే నిజమమ్మా!”

గౌస్ కత్తెర ఆగిపోయింది.

టీచర్ పాత చీటీ చింపి రెండు కొత్తవి రాసింది. దర్జీ పిట్ట. బూడిద ప్రీనియా. కింద ఇంకో వరుస: గుర్తుపట్టినవారు షేక్ కరీమున్, కాజాల పనిలో నిపుణురాలు. కరీమున్ ఆ వరుస రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి గౌస్ గుమ్మంలో నిలబడి బజారంతా వినేట్టు చదివాడు. ఎదురు కొట్లోవాళ్లు చప్పట్లు కొట్టారు.

పొద్దుండగానే ఆమె సంచీ భుజాన వేసుకుంది. “వస్తా గౌసూ,” అంది. వెళ్తానని అనలేదు. ఎప్పుడూ గోడవారగా నడిచే మనిషి, ఇవాళ బజారు నడిమధ్యన నడిచి వెళ్లింది.

షట్టర్ దించబోతూ గౌస్ ఆగాడు. గోడ మీది కేలండర్ అంచుకు కరీమున్ గుచ్చిపోయిన సూదికి మూరెడు తెల్లదారం ఎక్కించి ఉంది, ఫ్యాన్ గాలికి కదులుతూ.