ఎవరి జప్తు ముందు

"జప్తు ఆగిపోయిందన్నయ్యా! ఎవడో అడ్డుపుల్ల వేశాడు!"

తోడల్లుడు కొట్టు గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు. సీట్లాయన తలెత్తలేదు. బస్సు సీటు మీద రెగ్జిన్ బిగలాగి, మేకు మీద సుత్తి వేసి, నోట్లోంచి ఇంకో మేకు తీశాడు. నోటినిండా మేకులుండటం ఇవాళ కలిసొచ్చింది. వెంటనే జవాబు చెప్పనక్కర్లేదు.

"వింటున్నావా?"

మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. "ఎవడంటావు?"

"తెలిస్తే వాడి డొక్క చించనూ!"

సుత్తి జారి బొటనవేలి మీద పడింది.

ఇద్దరూ అప్పిచ్చింది ఒక్కడికే, బావమరిదికి. అతని ప్రింటింగ్ ప్రెస్సు మునిగిపోయింది. మిగిలింది ఇల్లు. అదీ భార్యాభర్తల పేరిట ఉమ్మడిగా ఉంది. ఒకరు పోతే మొత్తం రెండోవాళ్లదయ్యేలా రాయించుకున్నారు. అతను బతికుండగా అతని సగం మీద కోర్టులో ఎవరి జప్తు ముందు ఎక్కితే వాళ్ల బాకీ ముందు తీరుతుంది. రెండోవాడికి మిగిలితే మిగిలినట్టు. ఏ జప్తూ ఎక్కకముందే అతను కన్నుమూస్తే మాత్రం, ఆ సగం అప్పుల్ని దులిపేసుకుని భార్య చేతికి వెళ్లిపోతుంది.

ముందు అప్పిచ్చింది సీట్లాయనే. జీవితమంతా ఊళ్లోవాళ్ల నడుముల కింద మెత్తదనం కుట్టి కూడబెట్టిన సొమ్ము. కోర్టు మెట్లు ముందెక్కింది మాత్రం తోడల్లుడు.

ఈ కడుపుమంట కొత్తదేం కాదు. ఆ ఇంటికి అల్లుడిగా వాడు వెనకొచ్చి ముందుకెళ్లాడు. సీట్లాయన తన చేత్తో కుట్టిచ్చిన కుర్చీలో వాడు కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. అత్తగారు వాడి చేతికి కాఫీ ఇచ్చాక, ఇటు తిరిగి "మీకూ ఇమ్మంటారా?" అనేది. ఆ 'కూ' ఇన్నేళ్లూ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

అందుకే నిన్న కోర్టుకెళ్లాడు. తన కాగితాలు ఇంకా తయారవలేదు. అయినా కిటికీలోకి తల దూర్చి, "ఆ ఇంటి కొలతలు తప్పండీ. చూసుకోకుండా జప్తు ఎక్కించారో, రేపు మీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. గుమాస్తా బెదిరిపోయి తోడల్లుడి కాగితాలు పక్కన పడేశాడు. పేరు మాత్రం బయటపెట్టలేదు సీట్లాయన. దారంతా ఈల వేసుకుంటూ వచ్చాడు. తనకు దక్కుతుందా లేదా అన్నది తర్వాత. వాడికి ముందు దక్కకూడదు.

"దానికంత కంగారెందుకు?" అన్నాడిప్పుడు, వేలు చప్పరిస్తూ. "బావమరిది ఆసుపత్రి నుంచి వచ్చేస్తాడుగా. కూర్చుని మాట్లాడదాం."

తోడల్లుడి ఫోను మోగింది. విన్నాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"పోయాడన్నయ్యా. నర్సు మందిచ్చి అటు తిరిగేలోపే పోయాడట."

సీట్లాయన మనసులో మొదట మెదిలింది బావమరిది ముఖం కాదు, తోడల్లుడి బాకీ. వాడికీ రాదు. ఆ 'కీ' చల్లగా గొంతులోకి దిగింది. తనకూ రాదని ఆ తర్వాతే తట్టింది.

మధ్యాహ్నానికి ఆ ఇంటి ముందుగదిలో సామాను గోడవారకు జరిపి బావమరిదిని పడుకోబెట్టారు. సీట్లాయన భార్య తమ్ముడి పాదాల దగ్గర కూర్చుని, ముడతల్లేని దుప్పటిని మళ్లీ మళ్లీ సర్దుతోంది.

"జప్తు నిన్న ఎక్కాల్సింది" అని గొణిగాడు తోడల్లుడు.

"ఇప్పుడు కూడా డబ్బేనా మరిదిగారూ?" అందామె.

"నా కొట్టు తాకట్టు పెట్టి ఇచ్చాను వదినా. ఇక రోడ్డు మీద పడ్డట్టే."

వాడు కళ్లు ఒత్తుకోవడం సీట్లాయన ఇదే మొదటిసారి చూడటం. భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో. అడ్డుపుల్ల వేసినవాడు పురుగులు పడి పోతాడులే."

అప్పుడే గేటు దగ్గర టేపు సర్రున లాగిన చప్పుడైంది. గుమాస్తా గోడ పొడుగునా కొలుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. లోపల శవాన్ని చూసి గబగబా చెప్పులు విడిచాడు.

"అయ్యో, నాకు తెలీదండీ. కొలతలు తప్పంటే చూసిపోదామని…"

సీట్లాయన చెయ్యి తోడల్లుడి భుజం మీంచి జారింది. తలుపు చాటుకు తప్పుకున్నాడు. భార్య తలెత్తింది.

"తప్పని ఎవరన్నారు?"

"పేరు చెప్పలేదమ్మా. మీరెవరండీ అని అడిగితే…"

"ఏమన్నాడు?" తోడల్లుడు లేచి నిలబడ్డాడు.

"ఈ ఇంటికి పెద్దల్లుణ్ణి అన్నారు."